చక్రగృహ క్రయదీపిక

అవతారిక

కోలాచల మల్లినాథసూరి కాళిదాసాది మహాకవుల కావ్యములకు వ్యాఖ్యలు రచింపబూనినప్పుడు, మూలమున లేనిదానిని వ్రాయననియు, అక్కరలేనిదానిని పలుకననియు ప్రతిన పట్టెను. ఆయన చేతికి వచ్చినవి రఘువంశ కుమారసంభవములు గనుక ఆ ప్రతిన నిర్విఘ్నముగా చెల్లినది. అట్లుగాక, ఇంగ్లండు దేశమున నొక విక్రయశాల ఆవరణలో, వానకు తడిసిన గులకరాళ్లమీద వరుసతీరి నిలిచిన తెల్లని కారవానులలో నొకదాని కిటికీకి లోపలివైపున అంటించిన అమ్మకపు చీటి ఆయనకు వ్యాఖ్యేయమై యుండినచో, ఆ సూరివర్యుడు మొదటి వాక్యము దాటకమునుపే తన ప్రతినను సడలించుకొని యుండెడివాడని నా తలంపు. ఏలయన, అట్టి చీటియందు వ్రాయబడినదానిలో మనకు కావలసినది స్వల్పము; మనకు కావలసినదానిలో వ్రాయబడినది అంతకంటె స్వల్పము. కావున ఈ దీపిక మూలమున లేనిదానినే ప్రధానముగా వ్రాయును.

కారవాననగా నిచ్చట షూటింగుల నడుమ సినీతారలు విశ్రమించెడి బస్సు కాదు. తనకు ఇంజను లేక, తన యిచ్చకు కదలలేక, కారు వెనుకనున్న ఇనుపబంతికి తగిలించి లాగబడెడి, సాధారణముగా రెండే చక్రములుగల యిల్లు. అందు పడకలును, పొయ్యియు, చిన్న ఫ్రిజ్జును, స్నానపుగదియు నుండును. సెలవు దినములలో దానిని సముద్రతీరమునకో కొండలకో ఈడ్చుకొనిపోయి, అద్దెకు తీసికొన్న పచ్చికబయలు ముక్కపై నిలిపి, కారును విప్పుకొని యథేచ్ఛగా తిరిగి, చీకటిపడువేళకు ఆ యింటికే చేరుకొనుట దీని ప్రయోజనము.

ఐతిహ్యము

ఈ వాహనమునకు పురాణపురుషుడు విలియం గోర్డన్ స్టేబుల్సు అను వైద్యుడు. బ్రిటిషు నౌకాదళమున వైద్యుడుగా పనిచేసి విరమించి, బాలురకు సాహసకథలు వ్రాయుచుండిన ఈ పెద్దమనిషి 1885లో బ్రిస్టలు నగరమందలి బండ్ల కర్మాగారమువారిచేత ‘వాండరర్’ అను పేర, రెండు గుఱ్ఱములు లాగెడి విహారశకటమును చేయించుకొని, అందులో ఇంగ్లండునుండి స్కాట్లండు వరకు పయనించి, ఆ వృత్తాంతమును మరుసటియేట గ్రంథముగా వెలువరించెను. అంతవరకు బండిలో కాపురముండుట జిప్సీలకును, ఊరూర తిరుగు వినోదగాండ్రకును బ్రతుకుతెరువు. ఈయన దానిని తీరికగలవారి వేడుకగా మార్చెను. 1907లో కారవాను యజమానుల క్లబ్బు వెలసినప్పుడు ఆయనను ఉపాధ్యక్షునిగా నిలిపికొనిరి. 1919లో బర్మింగ్‌హాము నగరమున ఎక్లెసు అను సంస్థవారు మోటారుకారు వెనుక లాగెడి కారవానులను తయారుచేసి అమ్మ మొదలిడుటతో గుఱ్ఱముల ప్రకరణము ముగిసినది.

ప్రయాణమునకు ఇంటిని వెంటగొనిపోవుట మనవారికి క్రొత్త గాదు. స్టేబుల్సుకు అర్ధశతాబ్ది మునుపే, 1830లో, ఏనుగుల వీరాస్వామయ్య మదరాసునుండి కాశికి బయలుదేరినప్పుడు గుడారములును, వంటసామగ్రియు, పరివారమును ఆయన వెంట నడచినవి. భేదమొక్కటే. ఆ బరువును మోయుటకు బోయీలును, కావడివాండ్రును ఉండిరి. బరువు మించెనేని మరి యిద్దరు మనుష్యులను కుదుర్చుకొనుటకు దారిలో వీలుండెడిది. నేడు ఆ బోయీలందరి స్థానమున ఒక్క కారు నిలిచినది. ఈ భేదమే ప్రస్తుత గ్రంథమునకంతకు బీజము, ముందుముందు తెలియగలదు.

పూర్వపక్షము

హోటలులో దిగరాదా యని యొక యాక్షేపము. దీనికి ఆంగ్లేయులు స్వేచ్ఛయనియు, ప్రకృతియనియు, కుక్కను వెంటదీసికొనిపోవచ్చుననియు సమాధానములు చెప్పుదురు. బ్రిటనులో స్థిరపడిన తెలుగు కుటుంబములవారికి ఇన్ని హేతువులు అక్కరలేదు, పొయ్యి యొక్కటి చాలును. వేల్సు తీరమున మూడవనాటి సాయంకాలము, వాన వెలియని వేళ, వేచిన చేప, వేచిన బంగాళాదుంపలు తప్ప మరేమియు దొరకని యూరిలో పిల్లలకు చారన్నము కలిపిపెట్టగలిగిన గృహిణి ముందు ఏ నక్షత్రాంకితమైన హోటలును నిలువజాలదు. ఇంగువ తాలింపు పెట్టబోవుటకు మునుపు పైకప్పులోని గాలికిటికీని తెరువవలెను; మరచినచో పొగను పసిగట్టెడి యంత్రము కూయును, ప్రక్కకారవానునుండి యొక వృద్ధుడు మిక్కిలి మర్యాదగా తల బయటపెట్టి క్షేమము విచారించును. ఆక్షేపము నిరస్తమైనది.

మూలము

“నలుగురికి పడకలు. ఒకే యజమాని, స్వల్పముగా వాడినది. తడి లేదు. మామూలు కారు లాగగలదు. మూవరు కలదు. ఆనింగు ఉచితము. ధర మాట్లాడుకొనవచ్చును.”

అన్వయము

విక్రేత పడకలతో నారంభించెను. ఇది కావ్యదృష్టిచే రసవంతమైనను అన్వయదృష్టిచే దోషము. ‘మామూలు కారు లాగగలదు’ అను నాలుగవ వాక్యమును ముందునకు తెచ్చుకొనవలెను. తక్కినవన్నియు దానికి విశేషణములు. దంపతులు కారవానును చూడబోయి, తలుపు తెరచి, మెత్తలమీద కూర్చుండి, అరల తలుపులు తీసి మూసి, తెరల రంగు మెచ్చుకొని, దీనినే కొందమని నిశ్చయించుకొన్న పిమ్మట బయటకు వచ్చి తమ కారువైపు చూతురు. స్వయంవరమున వరమాల చేతబట్టుకొని నిలిచినది తామని వారి భ్రాంతి. నిజమునకు మాల కారు చేతిలోనున్నది.

‘మామూలు కారు లాగగలదు’

ప్రతిపదార్థము: మామూలు = విక్రేత మనస్సునందున్న; కారు = తమది కాని కారు; లాగగలదు = ముందునకు కదల్పజాలును. ఆపుటను గూర్చియు, దిగుడులో పట్టి నిలుపుటను గూర్చియు మూలమున ప్రసక్తి లేదని గ్రహించునది.

వ్యాఖ్య: కారవాను ద్వారమునకు సమీపమున ఒక చిన్న లోహపు పలక బిగింపబడియుండును. లోపలి పట్టుమెత్తల నెల్లరు చూతురు. ఈ పలకను చూచువారరుదు. దానిపై రెండు బీజాక్షర సముదాయములుండును. ‘ఎం.ఆర్.ఓ.’ యనగా కర్మాగారమునుండి వెలువడినప్పటి వట్టి బరువు. ‘ఎం.టి.పి.ఎల్.ఎం.’ అనగా సమస్తమును సర్దిన పిమ్మట ఎట్టి పరిస్థితిలోను దాటరాని గరిష్ఠ భారము. ఈ రెంటికినిగల అంతరమే గృహస్థునకు మిగిలిన స్వాతంత్ర్యము.

ఇట కారును గూర్చిన సంప్రదాయమొకటి కలదు. కారవాను గరిష్ఠ భారము కారు ఖాళీ బరువులో నూటికి 85 పాళ్లను మించకుండుట క్షేమమని, ముఖ్యముగా క్రొత్తగా నేర్చువారికి, పెద్దలు చెప్పుదురు. ఇది చట్టము కాదు, ఆప్తవాక్యము. చట్టము విధించునది కారు నిర్మాత నిర్దేశించిన లాగుడు పరిమితి. దానిని దాటుట దండనార్హము. ఉదాహరణమునకు కారు 1,500 కిలోలు తూగునదైనచో ఆప్తవాక్యానుసారముగా కారవాను 1,275 కిలోలకు లోబడియుండవలెను. అట్టి కారవాను వట్టి బరువు 1,130 కిలోలనుకొందము. మిగిలినవి 145. ముందు వివరింపబోవు మూవరుకు సుమారు 30, బ్యాటరీకి 20, ఆనింగునకు 20 తీసివేసినచో నలుగురుగల కుటుంబమునకు దక్కినది 75 కిలోలు. అందులోనే బట్టలు, బూట్లు, దుప్పట్లు, కుర్చీలు, గిన్నెలు, పిల్లల సైకిళ్లు. మన కుటుంబములు బియ్యపుసంచియు, రెండు కుక్కర్లును, పచ్చళ్ల జాడీలును లేక గుమ్మము దాటవు. తడిపిండి గ్రైండరును గూడ ఎక్కింపజూచిన గృహిణితో వాదించుటకంటె పలకలోని అంకెను చూపి యూరకుండుట మేలు. లోహముపై చెక్కిన వాక్యమునకు ఇంట ఎవరును ఎదురుచెప్పరు.

బరువెంతయను ప్రశ్న తీరిన పిమ్మట బరువెచ్చటనను ప్రశ్న. కారవాను ముక్కు కారు వెనుకనున్న బంతిపై మోపెడి భారము, సర్దిన కారవాను మొత్తము బరువులో నూటికి 5 మొదలు 7 పాళ్లవరకు నుండవలెనని నియమము. మన ఉదాహరణములో అది సుమారు 64 కిలోలనుండి 89 కిలోలవరకు. కాని కారువారు 75 కిలోలే యనినచో 75 కిలోలే. ఇద్దరిలో తక్కువ చెప్పినవానిదే పైమాట. దీనిని కొలుచుటకు ప్రత్యేక సాధనము లమ్ముదురు. అయినను స్నానపుగదిలో మనము దేహభారమును చూచుకొనెడి తూనికయంత్రమును నేలపై నుంచి, దానిపై తగిన యెత్తునకు కోసిన చెక్కముక్కను నిలువునా నిలిపి, ఆ చెక్కపై కారవాను ముక్కును మెల్లగా దించి అంకె చదువుకొనెడివారే పెక్కుమంది. బియ్యపుసంచి వెనుకగోడ కానించినచో ముక్కు తేలిపోవును. ముందరి పెట్టెలో వేసినచో ముక్కు క్రుంగును. ఇరుసుమీదుగా నేలపై పెట్టుట సమ్మతము.

ఈ శాస్త్రమును ఉపేక్షించినవానికి ఫలము రహదారిమీద లభించును. పెద్ద లారీయొకటి ప్రక్కగా దాటిపోవునప్పుడో, పల్లపు దారిలో వేగము పెరిగినప్పుడో, కారవాను ఇటునటు నూగ మొదలిడి, క్రమముగా కారునే ఊపసాగును. అప్పుడు భయపడి బ్రేకు త్రొక్కుట గాని, స్టీరింగు చక్రమును త్రిప్పి సరిదిద్దబూనుట గాని కూడదు. చేతులను నిశ్చలముగా నుంచి, యాక్సిలరేటరుపైనుండి పాదమును మెల్లగా తీసివేయవలెను. చదువుటకిది సులభము.

ప్రసంగవశమున అధికారినిర్ణయము. ఏ శాస్త్రమునకైనను అధికారి యెవ్వడో తెలుపుట ఆచారము గదా. బ్రిటనులో 1997 జనవరి 1 పిమ్మట కారు పరీక్ష నెగ్గినవారు బరువైన కారవానును లాగవలెనన్నచో వేరొక పరీక్ష నియ్యవలసియుండెడిది. అచ్చటి తెలుగువారిలో అత్యధికులు ఆ తేదీకి తరువాత వచ్చినవారే గనుక ఈ నిబంధన వారిని గట్టుమీదనే నిలిపినది. 2021 డిసెంబరు 16నుండి ఆ పరీక్ష తొలగినది. కారు లైసెన్సుతోనే 3,500 కిలోల వరకుగల ట్రెయిలరును లాగవచ్చును. పరీక్ష తొలగినదే గాని పరీక్షింపబడవలసిన విద్య తొలగలేదని మరువరాదు. కారవానుతో నున్నప్పుడు విభాజకము లేని రహదారులపై గంటకు 50 మైళ్లు, మోటారువేలపై 60 మైళ్లు హద్దు; మూడు వరుసల మోటారువేపై కుడికొన వరుస నిషిద్ధము. కారవాను కారుకంటె వెడల్పైనచో ఇరువైపుల పొడవుచేతుల అద్దములు తగిలింపక తప్పదు. నడచుచున్న కారవానులో మనుష్యులు కూర్చుండరాదు. ఊరినుండి వచ్చిన అత్తగారు, అంత చక్కని మంచమును వెనుక నుంచుకొని కారులో ముడుచుకొని కూర్చుండుటెందులకని అడుగును. ప్రశ్న సమంజసమే, ఉత్తరము మాత్రము నిషేధమే.

‘నలుగురికి పడకలు’

ప్రతిపదార్థము: నలుగురికి = పరస్పరము గాఢమైన ప్రేమగల నలుగురికి; పడకలు = ఉన్నవి గావు, ప్రతిరాత్రియు నిర్మింపబడవలసినవి.

వ్యాఖ్య: నాలుగు పడకలలో రెండు ముందుగదిలోని సోఫాలు. రాత్రి బల్లను మడిచి, రెండు సోఫాల నడుమ పలకల చాపను లాగి, వీపుదిండ్లను ఒకదాని ప్రక్క నొకటి పేర్చి, వాని నడుమ సందులు పడకుండ అమర్చి శయ్యను కల్పింతురు. ఉదయమున మరల విప్పుదురు. నడుము నొప్పిగలవారు స్థిరశయ్యగల కారవానును వెదకుట యుక్తము. స్థిరశయ్యయం దవాంతర భేదములు కలవు: మూలకు చేర్చినది, నడుమ దీవివలె నిలిచి ఇరువైపుల నడచుటకు దారినిచ్చునది, జంటగా అమర్చిన ఒంటిమనిషి శయ్యలు, పిల్లలకు మీదిక్రింది అరమంచములు. మూలమంచమున గోడవైపు పరుండినవారు అర్ధరాత్రి లేవవలసినచో రెండవవారిని దాటిపోవలెను. ఈ యొక్క కారణముచేతనే ప్రౌఢదంపతులు దీవిమంచమునకు వేల పౌండ్లు అధికముగా నిత్తురని నేను నమ్ముచున్నాను. మెత్తలపై కూర్చుండి చూచుట చాలదు. విక్రయశాలలో సిగ్గు విడిచి, బూట్లు విడిచి, పరుండి చూడవలెను. పిల్లలను పరుండబెట్టి చూడవలెను. తల్లి పొయ్యిముందు నిలిచినప్పుడు తండ్రి స్నానపుగదికి పోగలడేమో నడచి చూడవలెను.

‘ఒకే యజమాని, స్వల్పముగా వాడినది’

వ్యాఖ్య: ఏకపత్నీవ్రతమువలె ఏకయజమానిత్వమును ప్రశంసగా చెప్పుట విక్రేతల సంప్రదాయము. కాని కారవానునకు కారునకువలె ప్రభుత్వపు రిజిస్ట్రేషను పుస్తకము లేదు, ఏటేటి ‘ఎం.ఓ.టి.’ పరీక్షయు లేదు. 1992నుండి ‘క్రిస్’ అను నమోదు పద్ధతి కలదు. పదునేడక్షరముల సంఖ్యను చట్రముపైనను, కిటికీ అద్దములపైనను చెక్కుదురు. ఆ సంఖ్య పత్రములోని సంఖ్యతో సరిపోవునో లేదో చూచి, దొంగిలింపబడినదా, అప్పు మిగిలియున్నదా యని ముందుగా విచారింపవలెను. ఆ పత్రము కూడ ఉంచుకొన్నవానిని తెలుపునేగాని హక్కుదారును నిరూపింపదు. కావున అసలు కొన్ననాటి రసీదు నడుగుట మంచిది.

ఇక ‘స్వల్పముగా వాడినది’ యనుట గుణమో దోషమో యని సంశయము. కారవాను తిరుగుటచేత చెడునది తక్కువ, నిలుచుటచేత చెడునది యెక్కువ. ఒక్కచోటనే ఏండ్ల తరబడి నిలిచినచో టైరు లోలోపల పగులును; బ్రేకులు బిగుసుకొనును. టైరు గాడులు క్రొత్తవానివలె లోతుగానే యుండును గనుక చూచువాడు మోసపోవును. టైరు ప్రక్కభాగమున అండాకారపు గీతలో నాలుగంకెలుండును. ‘2318’ అని యుండినచో 2018వ సంవత్సరమున ఇరువదిమూడవ వారమున పుట్టినదని జాతకము. ఐదేండ్లకు మార్చుట మేలనియు, ఏడేండ్లు దాటి వాడరాదనియు ఈ శాస్త్రజ్ఞుల మతము. మోకాళ్లపై కూర్చుండి ఈ నాలుగంకెలను చదువుకొను కొనుగోలుదారును చూచినప్పుడు విక్రేత ముఖములో కలుగు మార్పు సాత్త్వికభావములలో దేని క్రిందకు వచ్చునో లాక్షణికులు నిర్ణయింపవలెను.

‘తడి లేదు’

ప్రతిపదార్థము: తడి = గోడల లోపల చేరిన నీరు; లేదు = చూడలేదు.

వ్యాఖ్య: ప్రసక్తి లేనిదానిని ఎవ్వరును నిషేధింపరని శాస్త్రకారుల మతము. ఇంటిలో ఏనుగు లేదని ఎవ్వడును పనిగట్టుకొని చెప్పడు. కావున తడి లేదనుటచేతనే తడికి ప్రసక్తి కలదని సిద్ధించుచున్నది, ఆ ప్రసక్తియో మిక్కిలి బలవత్తరమైనది. పాత పద్ధతి కారవాను గోడ యనగా సన్నని కొయ్య చట్రము, దానికి లోపల పలుచని పలక, వెలుపల అల్యూమినియపు రేకు. రేకు రేకు కలియుచోట, కిటికీల చుట్టును, కప్పులోని గాలికిటికీల చుట్టును మెత్తని ముద్దవంటి పదార్థమును పూసి సందు మూయుదురు. అది ఏండ్లు గడచినకొలది ఎండి బిరుసెక్కును. రహదారి కుదుపులకు సందు విచ్చును. ఇంగ్లండు వాన తక్కిన పని చేయును. వాన కుండపోతగా నక్కరలేదు, అచ్చట ఎల్లప్పుడును పడునట్టి, పడుచున్నదో లేదో తెలియనట్టి జల్లు చాలును. నీరు కొయ్యలో చేరి ఏండ్ల తరబడి బయటపడక యుండును. బయటపడునప్పటికి కొయ్య నానిన అటుకులవలె చేతికి రాలును. ఇటీవలి కారవానులలో పెక్కింట కొయ్యకు బదులు వేరు పదార్థములను వాడుచున్నారు గాని, చీటిలో ఆ సంగతి వ్రాయబడియుండినచోనే నమ్మునది.

పరీక్షావిధానము: తలుపు తెరచిన తక్షణమే ముక్కును పనిచేయనిమ్ము. ఊరగాయ జాడీ మూత తీయకయే బూజు పట్టినదో లేదో చెప్పగలిగిన ముక్కులు మన యిండ్లలో కలవు. అట్టి ముక్కుగల పెద్దావిడను వెంటగొనిపోవుట శ్రేయస్కరము. పరిమళద్రవ్యముల ఘాటు తగిలినచో అనుమానమును రెట్టింపు చేసికొనవలెను. సోఫాల మెత్తలను తీసి, క్రింది పెట్టెల మూతలెత్తి, మూలలలో దీపము వేసి చూడవలెను. గోడకాగితముపై నల్లని చుక్కలు, పొక్కులు, ఒకచోట మాత్రము క్రొత్తగా అంటించిన ముక్క, ఇవి లక్షణములు. ముందుకిటికీ క్రింది మూలను బొటనవ్రేలితో ఒత్తి చూడవలెను. గోడ గట్టిగా నెదురుతిరుగుట ఆరోగ్యము, లోపలికి పోయి మరల రాకుండుట రోగము. నేలపై మడమతో త్రొక్కి నడచినప్పుడు పాదము క్రింద మెత్తగా కదలినచో నేలపలక పొరలు విడిపోయినవని అర్థము.

అంతటితో విడువక, రెండు సూదులుగల తేమమాపకముతో గోడ పొడవునను చదివించి, అంకెలను కాగితముపై నిమ్మని కోరవలెను. 15 శాతమువరకు నిశ్చింత. 15నుండి 20వరకు కనిపెట్టి యుండవలసినది. 20 దాటినచో మరమ్మతు. 30 దాటినచో లోపలి చట్రము శిథిలమగుచున్నదని తలపవలెను. ఇట్లు చదివించుట ఏటేటి సర్వీసులో భాగమే గనుక, సర్వీసు పుస్తకములో పాత అంకెలు కూడ లభింపవచ్చును. పుస్తకము పోయినదనెడి విక్రేతను గూర్చి వ్యాఖ్యాత మౌనము వహించుచున్నాడు.

‘మూవరు కలదు’, ‘ఆనింగు ఉచితము’

వ్యాఖ్య: మూవరనగా కారవాను చక్రములకు గుండ్రని ఉరుళ్లను ఒత్తి, బ్యాటరీ బలముచే త్రిప్పెడి యంత్రము, చేతిలోని మీటల పెట్టెతో కారవానును కారు లేకయే జరుపవచ్చును. దీని మహిమ తెలియవలెనన్నచో మూవరు లేనివానిని చూడవలెను. కారవానును వెనుకకు నడపునప్పుడు అది ఎడమకు పోవలెనన్న కారు స్టీరింగు చక్రమును మొదట కుడికి త్రిప్పవలెను. ఈ విపరీతలక్షణ చేతికి అలవడుటకు కాలము పట్టును. పచ్చికబయలులో తక్కినవారు టీకప్పులతో తమ తమ మడతకుర్చీలలో కూర్చుండి, చూడనట్లు నటించుచు, ఆద్యంతము చూతురు. భార్య వెనుక నిలిచి చేతులతో చేయు సంజ్ఞలకును భర్త గ్రహించిన అర్థమునకును గల దూరమును మూవరు పూర్తిగా తొలగించును. ఈ ప్రశంసయంతయు బ్యాటరీ నిండియున్నప్పటి మాట.

ఆనింగు కారవాను ప్రక్కనుండు పట్టాలో దూర్చి నిలిపెడి గుడారము. ఉచితముగా వచ్చు ఆనింగు ఈ కారవాను కొలతదేనా యని విచారింపవలెను. పూర్తి నిడివి ఆనింగునకు, నేలనుండి పట్టా వెంబడి పోయి రెండవ కొన నేలవరకు సెంటీమీటరులలో కొలిచిన చుట్టుకొలత సరిపోనిచో అది వట్టి బట్ట. సంచిని విప్పి, కడ్డీలన్నింటిని నేలపై పరచి, విక్రేతనే నిలిపి చూపుమని కోరుట న్యాయము. చూపినవారిని నేనెరుగను.

అనుక్తవిషయము

చీటిలో ఎవ్వరును వ్రాయని విషయమొకటి కలదు. స్నానపుగదిలోని శౌచస్థానము క్రింద పెట్టెయొకటి యుండును. దానిని వెలుపలి చిన్న తలుపునుండి లాగి తీయవచ్చును. ఇరువది లీటర్లకు లోబడిన ఈ పాత్రలో నీలిద్రవమును పోసి వాడుదురు. నిండినప్పుడు, అనగా నలుగురుగల ఇంట నిత్యమును, గృహయజమాని ఆ పెట్టెను పిడిపట్టి ఈడ్చుకొనుచు, ‘ఎల్సాను పాయింటు’ అని పిలువబడెడి నిర్దిష్టస్థలమునకు పోయి, మూతిగొట్టమును త్రిప్పి, గాలి పోవు మీటను నొక్కి, చిందకుండ వంపి, కడిగి తేవలెను. మీట నొక్క మరచినవాడు రెండవమారు మరువడు. ప్రాతఃకాలమున ఒకరి కొకరు ఎదురైన ఈ పెట్టెధారులు వాతావరణమును గూర్చి తప్ప వేరొకటి మాటలాడరు. డాక్టరులును, బ్యాంకు అధికారులును, సాఫ్టువేరు నిపుణులును అందరును ఆ వరుసలో నిలువవలసినవారే. వంతు మార్చుకొనుటకు కులము గాని కొలువు గాని అక్కరకు రాదు. ఈ బాధ్యత ఇంట ఎవరిదో కొనుటకు ముందే తేల్చుకొనుట గృహశాంతికి హేతువు.

నీటి సంగతి ఇందుకు విపరీతముగా మనోహరమైనది. నలుబది లీటర్ల పీపాను కొళాయి కడ నింపి, పిడి తగిలించి, పచ్చికపై దొరలించుకొని వత్తురు. పిల్లలు ఈ పనికి పోటీపడుదురు. గ్యాసు విషయమున ఒక్కమాట. నీలిసీసాలోని బ్యూటేను గడ్డకట్టు చలికి వాయువుగా లేవక పొయ్యి చల్లబడును. ఎఱ్ఱసీసాలోని ప్రొపేను అంతకంటె మిక్కిలి చలికైనను మండును. శీతకాలమున బయలుదేరువారు ఎఱ్ఱదానినే కొందురు.

‘ధర మాట్లాడుకొనవచ్చును’

వ్యాఖ్య: మాటలాడుటకు మునుపు కొనుగోలుదారు తన యింటి దస్తావేజులను చదువుకొనవలెను. ఇంగ్లండులో, విశేషించి క్రొత్త కాలనీలలో, ఇంటిముందు కారవాను నిలుపరాదని దస్తావేజులోనే షరతు వ్రాసిన యిండ్లు పెక్కులు. అట్టివారు కారవానులను భద్రపరచు ఆవరణములలో స్థలము అద్దెకు గొని, ఏటేట వందల పౌండ్లు చెల్లింపవలెను. బీమావారు కొక్కెమునకొక తాళమును, చక్రమునకొక తాళమును కోరుదురు. ఈ వ్యయములను కూడి, వానికి పాత టైరులను, పొడిగాని మూలలను కలిపి చెప్పినప్పుడే బేరమునకు బలము కలుగును. సొమ్ము తగ్గింపనని పట్టుపట్టు విక్రేతతో, తగ్గింపవలదు, సర్వీసు చేయించి, రెండు టైరులు మార్పించి, తేమ అంకెలు చేతికిమ్మని అనుట ఉత్తమ పక్షము. అతనికి మాట దక్కును, మనకు బండి దక్కును.

కడపట అడుగవలసిన ప్రశ్న యొకటి కలదు: దీనిని ఏల అమ్ముచున్నారు? పిల్లలు పెద్దవారై వెంట రామనుచున్నారనుట విశ్వసనీయము. ఆరోగ్యము బాగులేదనుట గౌరవనీయము. తరచుగా వినవచ్చునది మాత్రము, ఇంతకంటె పెద్దది కొనుచున్నామనుట. ఇట్లు చెప్పినవానితో కారవాను బేరము ముగించుకొని, వాకిట నిలిచియున్న అతని కారును గూడ ఒకమారు చుట్టి చూచి రావలెను. పలకమీది అంకె పెరిగినది గనుక, అదియు కొలదికాలములోనే అమ్మకమునకు రాగలదు.